మన్ననూరులో కారు ఆగాలి, బస్సు సాగాలి

శ్రీశైలం గేట్లు ఎత్తారన్న వార్త రాగానే, ఆ వారాంతంలో హైదరాబాద్ నుంచి కార్లు బారులు తీరతాయి. దోమలపెంట, ఈగలపెంట మలుపుల్లో కిలోమీటర్ల పొడవున వాహనాలు నిలిచిపోతాయి. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లింగమయ్య జాతర వస్తే ఫర్హాబాద్ నుంచి రాంపూర్ పెంట దాకా అడవిదారిలోనూ అదే తీరు. రెండు సందర్భాల్లోనూ జనం అడిగేది ఒకటే: ఇంతమంది వస్తారని ముందే తెలిసినా ఏర్పాట్లు ఎందుకు లేవు? రోడ్డు వెడల్పు చేయాలని కొందరంటారు, అడవి గేటు మూసేయాలని మరికొందరంటారు. వారం తిరిగేసరికి చర్చ చల్లారిపోతుంది, ఏడాది తిరిగేసరికి మళ్లీ రాజుకుంటుంది. ఈ రెండు వాదాలకూ నడుమ ఒక మార్గం ఉంది. కాలాన్ని బట్టి, సెలవు రోజుల్లో మాత్రమే, నగరం నుంచి కొండ పాదం దాకా నడిచే ఆర్టీసీ బస్సు అది. కొండలూ అడవీ కలిసి ఉన్న వనపర్తి, నాగర్‌కర్నూల్, మహబూబ్‌నగర్ జిల్లాలు దాన్ని మొదలుపెట్టడానికి తగిన చోటు.

ఈ ఆలోచన పాలమూరుకు, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లాకు, పరాయిదేమీ కాదు. కార్తీకంలో కురుమూర్తి గుట్టకు, పుష్యంలో అచ్చంపేట పక్కన ఉమామహేశ్వరానికి, మాఘంలో మన్యంకొండకు, చైత్రంలో సలేశ్వరానికి ఇక్కడి డిపోలు ఏటా ప్రత్యేక బస్సులు నడుపుతూనే ఉన్నాయి. ఏ తిథికి ఎంత రద్దీ ఉంటుందో, ఏ మలుపులో బస్సు తిరగదో, రాత్రి ఏ వేళకు జనం కిందికి దిగుతారో డ్రైవర్లకు, కంట్రోలర్లకు కంఠతా తెలుసు. 1932 జూన్‌లో నిజాం ప్రభుత్వం 27 బస్సులతో మొదలుపెట్టిన రవాణా విభాగం నుంచి నేటి టీజీఎస్‌ఆర్టీసీ దాకా కొనసాగిన అనుభవమిది. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు పడింది 1944లో. కొండమీదికి లక్షల మందిని సామాన్య ఛార్జీతో, బస్సు వెంట బస్సు పెట్టి చేర్చే విద్యలో తెలుగువారిని మించినవారు దేశంలో అరుదు. అయితే ఆ విద్యను దేవుడి కోసమే వాడాం. చెట్టు కోసం, గుట్ట కోసం, పాత కోట కోసం కదిలే మనిషి తన బండి తాను చూసుకోవాల్సిందేనన్నట్టు ఇన్నేళ్లూ నడిచింది.

అలా కదిలేవారు ఇప్పుడు తక్కువేమీ కాదు. హైదరాబాద్‌లో కొండలెక్కే అలవాటు గత పదిహేనేళ్లలో బాగా పెరిగింది. వనపర్తి చుట్టుపక్కలే చూడదగినవి ఎన్నో ఉన్నాయి. రెండు గుట్టలను కలుపుతూ ప్రాకారం పాకిన ఖిల్లాఘనపురం కోట కాకతీయుల కాలానిది, గోన వంశ సామంతుల జ్ఞాపకం మోస్తున్నది. దాని కింద గణపసముద్రం చెరువు. విజయనగరానికీ దక్కన్ సుల్తానులకూ మధ్య చేతులు మారుతూ వచ్చిన పాన్‌గల్ కోట ఇంకో రోజంతా నడిపిస్తుంది. మహబూబ్‌నగర్ వైపు కోయిలకొండ, కృష్ణ ఒడ్డున సోమశిల, అడవి వైపు ఉమామహేశ్వరం, వటవర్లపల్లి దగ్గర మల్లెలతీర్థం జలపాతం. ఇవన్నీ తెల్లవారుజామున బయల్దేరితే చీకటి పడేలోగా చూసి రాగలిగినవే. అయినా నేడు వీటిని చూస్తున్నవారు ఎవరు? సొంత కారో, బైకో ఉన్నవారు. అందులోనూ ఎక్కువగా యువకులు. మండల కేంద్రాలకు వనపర్తి నుంచి బస్సులు లేకపోలేదు. కానీ అవి ఊరివారు పట్నానికి వచ్చిపోయే వేళలకు పెట్టినవి. హైదరాబాద్‌లో మొదటి బస్సెక్కి, వనపర్తిలో దిగి, మరో బస్సు కోసం కాచుకుని ఘనపురం చేరేసరికి గుట్టబండ కాలిపోతుంటుంది. దిగొచ్చాక వెనక్కి బస్సుందో లేదో తెలియదు. కాలేజీ అమ్మాయిలో, అరవై దాటిన దంపతులో ఆ అనిశ్చితిని నమ్మి బయల్దేరరు. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఛార్జీ లేదు. ప్రయాణం ఉచితమైంది గానీ కొండకు మాత్రం సరైన వేళకు బస్సు లేదు.

తెలుగువారు వేలాదిగా స్థిరపడిన సియాటిల్ పరిసరాల్లో ఈ సమస్యకు ఒక పరిష్కారం కనిపిస్తుంది. ఇసాక్వా కొండల దగ్గర కాలిబాటలు మొదలయ్యే చోట వాహనాలకు జాగా చాలక, జనం రోడ్డు అంచున కార్లు వదిలి ప్రమాదకరంగా నడుస్తుండేవారు. కింగ్ కౌంటీ పార్కుల శాఖ, అక్కడి మెట్రో బస్సు సంస్థ కలిసి 2017లో ట్రెయిల్‌హెడ్ డైరెక్ట్ పేరుతో ప్రయోగాత్మకంగా చిన్న బస్సులు వేశాయి. మరుసటి ఏడాది మౌంట్ సై వైపు విస్తరించాయి. వేసవిలో శని, ఆదివారాలు, కొన్ని సెలవు రోజుల్లో మాత్రమే ఆ బస్సులు తిరుగుతాయి. నగర రైలు స్టేషన్ల దగ్గర ఎక్కవచ్చు, ఛార్జీ మామూలు సిటీ బస్సుదే. కోవిడ్ వల్ల 2020లో ఆగి, మళ్లీ మొదలయ్యాయి. పెద్ద వంతెనలు కట్టలేదు, కొత్త రోడ్లు వేయలేదు, కొండ తొలిచి పార్కింగ్ పెంచలేదు. రవాణా రంగంలో పనిచేసే నాబోటివారికి ఇందులో నచ్చేది పర్యాటక హంగు లేకపోవడమే. ప్యాకేజీ లేదు, భోజనం లేదు, గైడ్ ఉపన్యాసం లేదు. బస్సు వస్తుంది, దింపుతుంది, మళ్లీ వస్తుంది. ఒకటి తప్పిపోయినా మరొకటి ఉందన్న ధీమా మనిషిని కారు తాళం ఇంట్లో వదిలేలా చేస్తుంది.

మన నల్లమల అడవికి ఇంకా దగ్గరి పోలిక హాంకాంగ్. ఆ ఇరుకైన నగరం తన నేలలో దాదాపు 40 శాతాన్ని కంట్రీ పార్కులుగా, రక్షిత ప్రాంతాలుగా ఉంచుకుంది. అక్కడ సాయ్ కుంగ్ ప్రాంతంలో పాక్ టామ్ చుంగ్ అనే చోట గేటు ఉంటుంది. అనుమతిలేని ప్రైవేటు కారు దాన్ని దాటకూడదు. బస్సులు, టాక్సీలు దాటవచ్చు. వారం రోజులూ తిరిగే బస్సుకు తోడు ఆదివారాలు, సెలవు రోజుల్లో నగరం నుంచి తిన్నగా వాంగ్ షెక్ రేవు దాకా 96ఆర్ నంబరు బస్సు నడుస్తుంది. గేటూ బస్సూ ఒకే ఏర్పాటుకు రెండు భాగాలు. మనకు శ్రీశైలం దారిలో మన్ననూరు అటవీ చెక్‌పోస్టు ఉంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా దాన్ని మూసి వన్యప్రాణులకు ఊపిరి ఇస్తున్నాం. పగలు మాత్రం ఆ గేటు రుసుము వసూలుకు, ప్లాస్టిక్ తనిఖీకి పరిమితమైపోయింది. గేటు ఉండి బస్సు లేకపోవడం వల్ల దాని సగం ప్రయోజనం వృథా అవుతోంది.

బస్సు పెడితే జనం ఇంకా పెరగరా అన్నది అటవీ అధికారుల భయం. అది నిరాధారమైనది కాదు. అమెరికాలోని జయాన్ జాతీయ పార్కు 2000లో షటిల్ బస్సులు ప్రవేశపెట్టి, సీజన్‌లో ప్రధాన లోయలోకి ప్రైవేటు కార్లను ఆపేసింది. లోయలో హారన్ మోతలు తగ్గాయి, రోడ్డు అంచులు పచ్చబడ్డాయి. పక్కనున్న స్ప్రింగ్‌డేల్ ఊళ్లో కూడా బస్సు ఆగడంతో అక్కడి దుకాణాలకు గిరాకీ నిలిచింది. కానీ సందర్శకులు తగ్గలేదు. 2000లో ఏటా 24 లక్షల దరిదాపుల్లో ఉన్నవారు 2021 నాటికి 50 లక్షలు దాటారు. చివరికి ఏంజెల్స్ ల్యాండింగ్ అనే ఒక్క శిఖరం కోసం 2022 ఏప్రిల్ నుంచి లాటరీ అనుమతులు పెట్టాల్సివచ్చింది. ఇక్కడ గ్రహించాల్సిన విషయం స్పష్టం. బస్సు తనంతట తాను పరిమితి కాదు. దానికి సీట్ల లెక్క కట్టినప్పుడే అది పరిమితి అవుతుంది. కార్ల సంఖ్యను లెక్కించడం కష్టం, లెక్కించినా ఒక్కో కారులో ఎందరున్నారో తెలియదు. బస్సు సీట్లను ముందురోజే లెక్కపెట్టవచ్చు. రోజుకు 300 మందికి మించి మల్లెలతీర్థం మోయలేదని అటవీ శాఖ నిర్ణయిస్తే, 50 సీట్ల బస్సు ఆరు ట్రిప్పులు తిరగాలి; ఏడోది కదలకూడదు. ఆ అంకె ఎంతన్నది జీవశాస్త్రజ్ఞులు తేల్చాలి. దాన్ని అమలు చేయగల సాధనం మాత్రం బస్సే. నలుగురికో కారు చొప్పున వస్తే అదే 300 మందికి 75 కార్లు కావాలి. వాటి పొగ, మోత, పార్కింగ్ కోసం నరికే పొదలు అదనం.

పరిమితి లేకపోతే ఏమవుతుందో కర్ణాటక 2024 జనవరిలో చూసింది. గణతంత్ర దినోత్సవ సెలవులకు కుమారపర్వతం కాలిబాట మీద వేలాదిమంది ఒక్కసారిగా చేరి, కదలడానికి వీల్లేనంతగా కిక్కిరిసిపోయారు. ఆ తర్వాతే ప్రభుత్వం ట్రెకింగ్‌ను తాత్కాలికంగా ఆపి, ఆన్‌లైన్ బుకింగ్ నిబంధన తెచ్చింది. సలేశ్వరానికి 2023లోనే హెచ్చరిక అందింది. ఇరుకు లోయలో దిగేవారూ ఎక్కేవారూ ఒకే దారిన పడి, ఆ ఒత్తిడిలో భక్తులు ప్రాణాలు కోల్పోయారు. అక్కడికి చేరాలంటే రాంపూర్ పెంట దాటాక కొన్ని కిలోమీటర్లు రాళ్లూ బండలూ పట్టుకుని దిగాలి. ఆ దారి వెడల్పు ఎవరూ పెంచలేరు, పెంచకూడదు కూడా. దారి మీద పడే జనాన్ని గంటగంటకూ విడదీసి పంపడమొక్కటే చేయగలిగింది. విడివిడిగా వచ్చే కార్లతో, జీపులతో, ట్రాక్టర్లతో అది అసాధ్యం. బస్సులు పది నిమిషాలకొకటి బయల్దేరితే దానంతటదే సాధ్యం.

తీర్థయాత్రకూ పులుల అభయారణ్యానికీ సయోధ్య ఎలాగన్నది దేశంలో ఇప్పటికే కొంత తేలిన విషయం. శబరిమల ఉన్నది పెరియార్ పులుల అభయారణ్యంలోనే. 2018 వరదల తర్వాత అక్కడ యాత్రికుల వాహనాలను ఎక్కువగా నిలక్కల్‌లోనే ఆపి, పంబ దాకా కేరళ ఆర్టీసీ బస్సులను వరుసగా తిప్పుతున్నారు. పాలమూరు నుంచి ఏటా మాల వేసుకుని వెళ్లే వేలాది స్వాములు ఆ బస్సు ఎక్కినవారే. అక్కడ లేని అభ్యంతరం ఇక్కడ ఎందుకుంటుంది? రాజస్థాన్‌లోని సరిస్కాలో పాండుపోల్ హనుమాన్ గుడికి వెళ్లే ప్రైవేటు వాహనాలను 2025 మార్చి 31 తర్వాత నిలిపి, విద్యుత్ బస్సులు నడపాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో ఆదేశించింది. కోర్టు చెప్పేదాకా ఆగకుండా తెలంగాణ ముందే ఆ పని చేస్తే, ఏర్పాటు మన చేతుల్లో, మన జాతరల క్రమం తెలిసిన రీతిలో ఉంటుంది.

కేరళదే మరో ఉదాహరణ నన్ను ఎక్కువగా ఆకట్టుకుంటుంది. పత్తనంతిట్ట నుంచి కుమిళి వెళ్లే ఆర్టీసీ బస్సు పెరియార్ అడవుల నడుమ గవి మీదుగా పోతుంది. గవిలో ఉండేవారిలో చాలామంది 1970లలో శ్రీలంక నుంచి తిరిగొచ్చిన తమిళ కార్మిక కుటుంబాలవారు, యాలకుల తోటల్లో పనిచేసేవారు. వారికి ఆసుపత్రికి, బడికి, సంతకు ఆ బస్సే ఆధారం. అదే బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏనుగులను చూద్దామని వచ్చిన నగరవాసి కూడా ఉంటాడు. సందర్శకుల గిరాకీ వల్ల ఆ రూటు బతికింది, రూటు బతకడం వల్ల అడవిలోని కుటుంబాలకు బస్సు మిగిలింది. గవికి వెళ్లే ప్రైవేటు వాహనాలపై రోజువారీ పరిమితి ఉంది, బస్సుకు ఆ ఇబ్బంది లేదు.

ఇక్కడే అసలైన అభ్యంతరానికి జవాబు చెప్పాలి. అడవి లోపలి చెంచుల ఆవాసాలైన పెంటలకే నికరమైన బస్సు లేనప్పుడు, నగరంలో ఐదు రోజులు ఏసీ గదుల్లో పనిచేసి ఆదివారం కొండెక్కేవారి కోసం ప్రభుత్వ బస్సా? ప్రశ్న న్యాయమైనది. పాలమూరు బస్సుల చరిత్ర తెలిసినవారికి అది ఇంకా పదునుగా తగులుతుంది. ఈ జిల్లాల నుంచి దశాబ్దాల పాటు బస్సులు మోసింది వలస కూలీలను. నారాయణపేట, మహబూబ్‌నగర్ నుంచి ముంబై బస్సెక్కి, మూటలతో, పిల్లలతో ఊళ్లు వదిలినవారి ప్రయాణమది. అలాంటి నేలకు వినోదం కోసం బస్సు వేయడమంటే, ఆ బస్సు వల్ల ఊరికి ఏమి దక్కుతుందో ముందే లెక్క చెప్పాలి. గవి నమూనాలో నాకు నచ్చింది అదే. పర్యాటక శాఖ రంగు పూసిన ప్రత్యేక వాహనం కాకుండా, ఊళ్లలో ఆగే, ఊరివారు ఎక్కే, కండక్టర్ టికెట్ కొట్టే మామూలు సర్వీసు కావాలి. హైదరాబాద్ వారి ఆదివారపు ఛార్జీ ఆ రూటును నిలబెడితే, అదే రూటు మిగతా రోజుల్లో లింగాల, అమ్రాబాద్, పదర మండలాల వారికి ఒక ట్రిప్పయినా ఇవ్వగలగాలి. ఇవ్వలేనిదైతే ఈ పథకాన్ని సమర్థించడం నాకు కష్టం.

చెంచుల విషయం ఇంతకన్నా లోతైనది. అమ్రాబాద్ పులుల అభయారణ్యం విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు, అందులో కోర్ ప్రాంతమే 2,166. అప్పాపూర్, రాంపూర్, మేడిమల్కల, సంగడిగుండాల వంటి పెంటలు ఆ కోర్‌లోనే ఉన్నాయి. పులుల పేరుతో వారిని బయటకు తరలించాలన్న ప్రతిపాదనలు ఒకవైపు నడుస్తుండగా, మరోవైపు నగరవాసులకు గేటు తెరవడం ఎంతవరకు సమంజసం? 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు తన అడవి మీద మాట చెల్లే హక్కు ఇచ్చింది. కాబట్టి కోర్‌లోకి ఏ బస్సు వెళ్లాలో, ఎన్ని రోజులు వెళ్లాలో పెంటల గ్రామసభలు చెప్పాలి. సలేశ్వరంలో లింగమయ్య పూజారులు చెంచులే. జాతర రోజుల్లో దారి చూపేది, దాహం తీర్చేది, తప్పిపోయినవారిని వెతికి తెచ్చేదీ వారే. మన్ననూరులో వారి కోసమే సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఉంది. షటిల్ టికెట్‌లో కొంత భాగం నేరుగా పెంటల ఖాతాలకు చేరేలా, దారి చూపే పని వారికే దక్కేలా రాతపూర్వక ఒప్పందం లేకుండా మొదటి బస్సు కదలకూడదు.

ఆర్టీసీ వైపు నుంచి చూస్తే చిక్కులు వేరు. డిపో మేనేజర్ పనితీరును కొలిచేది కిలోమీటరుకు వచ్చే ఆదాయంతో, సీట్లు నిండిన శాతంతో. ఉదయం నిండుగా వెళ్లి ఖాళీగా తిరిగొచ్చే బస్సు ఆయన లెక్కను చెడగొడుతుంది. ఆ నష్టం పూడ్చుకోవడానికే జాతర ప్రత్యేక బస్సుల్లో ఒకటిన్నర రెట్ల దాకా ఛార్జీ వసూలుకు 2003 నాటి 16వ నంబరు జీవో వీలిచ్చింది. కొండ బస్సుకు ఆ ఛార్జీ పెడితే నలుగురు స్నేహితులు కారే నయమనుకుంటారు. దానికి తోడు మహాలక్ష్మి తర్వాత బస్సులు ఇప్పటికే కిక్కిరిసి ఉన్నాయి, సిబ్బంది మీద భారం పెరిగింది. ఆదివారం సెలవును కాదని డ్యూటీ వేస్తే కార్మికులు ఒప్పుకోవాలి. ఈ ఇబ్బందులను తేలిగ్గా తీసిపారేయలేం. కానీ ఒక వెసులుబాటు కూడా ఉంది. వారమంతా విద్యార్థులను మోసే బస్సులకు ఆదివారం ఆ పని ఉండదు. ఆదివారం ఉదయం హైదరాబాద్ నుంచి పాలమూరు వైపు రద్దీ తక్కువ, సాయంత్రం ఊళ్ల నుంచి నగరానికి తిరిగివెళ్లే ఉద్యోగులు, విద్యార్థులతో రద్దీ ఎక్కువ. సాయంత్రం ఎలాగూ నగరం వైపు అదనపు బస్సులు కావాలి. అవే బస్సులు ఉదయం కొండల వైపు నిండుగా వస్తే ఖాళీ ప్రయాణం తగ్గుతుంది. లెక్క ఇలా వేస్తే నష్టం అనుకున్నంత ఉండదు.

మిగిలిన లోటు ఎవరు పూడ్చాలి? స్విట్జర్లాండ్‌లో 2005లో మొదలైన బుస్ ఆల్పిన్ ఏర్పాటు ఇందుకు పనికొస్తుంది. మామూలు బస్సు వెళ్లని కొండ పల్లెలకు సీజన్‌లో నడిచే ఆ బస్సుల ఖర్చును టికెట్ ఆదాయంతో పాటు స్థానిక పంచాయతీలు, విడిదులు, ప్రాయోజకులు కలిసి భరిస్తారు. ఊరికి గిరాకీ తెచ్చే బస్సుకు ఊరూ కొంత పెడుతుంది. జర్మనీలో 2021లో మ్యూనిక్ పర్వతారోహకుల సంఘమే పూనుకుని నగరం నుంచి ఆల్ప్స్ కొండలకు వారాంతపు బస్సు మొదలుపెట్టింది. వనపర్తిలో పంచాయతీల దగ్గర అంత డబ్బు లేదు. కానీ అమ్రాబాద్ సఫారీ రుసుములున్నాయి, పర్యాటక శాఖకు బడ్జెట్ ఉంది, హైదరాబాద్ ఐటీ సంస్థల దగ్గర సామాజిక బాధ్యత నిధులున్నాయి. మూడేళ్లకు లోటు భర్తీ హామీ రాసిస్తే డిపో మేనేజర్ ధైర్యంగా బస్సు పంపుతాడు. ఆ హామీ లేకుండా మంత్రి ప్రకటన, జెండా ఊపడం, ఆర్నెల్లకు సర్వీసు రద్దు అన్న పాత తంతే నడుస్తుంది.

నా ప్రతిపాదనలో ప్రయాణం రెండు భాగాలు. నగరం నుంచి అచ్చంపేట, వనపర్తి, కొల్లాపూర్ దాకా మొదటి భాగం. ఇది ఎక్స్‌ప్రెస్, మహాలక్ష్మి వర్తిస్తుంది, ఎవరైనా ఎక్కవచ్చు. మన్ననూరు నుంచి అడవిలోకి రెండో భాగం. ఇది లెక్కపెట్టిన సీట్ల షటిల్, ముందుగా పేరు నమోదు చేసుకున్నవారికే. శ్రీశైలం వెళ్లే జాతీయ రహదారి 765 మీద ప్రయాణికులను ఎవరూ ఆపాల్సిన పనిలేదు. ఆ రోడ్డు నుంచి ఫర్హాబాద్, మల్లెలతీర్థం వంటి చోట్లకు మళ్లే కారునే మన్ననూరులో ఆపాలి. గేట్లు ఎత్తిన వారాంతాల్లో మాత్రం ఆనకట్ట చూడటానికే వచ్చే వాహనాలకు మన్ననూరులో జాగా చూపి, అక్కడి నుంచి బస్సులు తిప్పడం తప్పదు. కారు ఆగిన చోట టీ కొట్టు, భోజనం హోటల్, విస్తరాకులు, తేనె, చింతపండు అమ్మే చెంచు మహిళ బతుకుతారు. నేడు ఆ డబ్బు హైదరాబాద్‌లో నింపిన డిక్కీలోనే వచ్చి, చెత్తగా ఇక్కడ మిగిలిపోతోంది.

అయితే అన్నిటికన్నా ముందు కోటలు, ఆ తర్వాతే అడవి. ఖిల్లాఘనపురం, పాన్‌గల్, కోయిలకొండలకు పులుల సమస్య లేదు, కోర్ అనుమతులు అక్కర్లేదు. కావాల్సిందల్లా తెల్లవారుజామున 4.30కు మహాత్మా గాంధీ బస్ స్టేషన్ నుంచి ఒక బస్సు, గుట్ట కింద నీళ్లు, మరుగుదొడ్డి, కోట గురించి తెలిసిన ఇద్దరు ఊరి యువకులు. కోట మీద రోజూ నాలుగు కళ్లు ఉంటే గుప్తనిధుల పేరుతో తవ్వేవారూ జంకుతారు. కాచిగూడ–కర్నూలు రైలు మార్గంలో మదనాపురం దగ్గర వనపర్తి రోడ్ స్టేషన్ ఉంది. రైలు వేళకు వనపర్తి డిపో బస్సు అక్కడ నిలబడితే సగం దూరం రోడ్డు అవసరమే ఉండదు. ఈ సులువైన చోట ఒక సీజన్ నడిపి, ఎందరు ఎక్కారో, ఏ ట్రిప్పు ఖాళీగా తిరిగిందో చూసుకున్నాక నల్లమలకు వెళ్లడం వివేకం.

సీజన్ ఏదన్నది యథాలాపంగా నిర్ణయించేది కాదు. పులుల అభయారణ్యాల్లో వానాకాలం మూడు నెలలు, జులై నుంచి సెప్టెంబరు దాకా సందర్శన ఆపడం జంతువుల సంతానకాలం కోసం, బురదలో దారులు చెడకుండా ఉండటం కోసం. ఆ విరామాన్ని బస్సు పేరుతో కుదించకూడదు. తొలి ఏకాదశికి లొద్ది మల్లయ్య దర్శనం వంటి పాత ఆచారాలకు మాత్రం ఆ ఒకటి రెండు రోజుల మినహాయింపు షటిల్‌లోనే ఇవ్వాలి. ఫిబ్రవరి రెండో సగం నుంచి మే దాకా నల్లమలలో ఆకు రాలి, గడ్డి ఎండి, నిప్పురవ్వ పడితే కొండకు కొండే అంటుకునే కాలం. సలేశ్వరం జాతర సరిగ్గా ఆ కాలంలోనే వస్తుంది. కాబట్టి అక్టోబరు నుంచి ఫిబ్రవరి సగం దాకా అడవికి, ఆగస్టు నుంచి ఫిబ్రవరి దాకా కోటలకు, జాతర రోజుల్లో సలేశ్వరానికి, గేట్లు ఎత్తిన వారాంతాల్లో ఆనకట్టకు, మిగతా కాలం దేనికీ లేదు అన్నది నాకు సబబుగా తోస్తోంది. ఏప్రిల్, మే నెలల్లో పాలమూరు బండరాళ్ల మీదికి జనాన్ని పంపడం ప్రాణాలతో చెలగాటం.

చివరగా ఒక చిన్న విషయానికి పెద్ద పీట వేయాలి. కొండ బస్సు విజయం మొదటి ట్రిప్పు మీద కాదు, ఆఖరి ట్రిప్పు మీద ఆధారపడుతుంది. డీజిల్ ఖర్చు చూసో, డ్రైవర్ రాలేదనో సాయంత్రం ట్రిప్పు ఒక్కసారి రద్దయితే, సెల్‌ఫోన్ సిగ్నల్ లేని చోట చీకట్లో నిలబడినవారు జీవితంలో మళ్లీ ఆ బస్సెక్కరు. వారు చెప్పిన పదిమందీ ఎక్కరు. మన్ననూరు గేటు రాత్రి 9కి పడుతుంది కాబట్టి షటిల్ ఆఖరి బస్సు సాయంత్రం 5కే అడవి వదలాలి. ఎక్కినవారి పేర్ల జాబితా చేతిలో పెట్టుకుని, దిగినవారు దిగినట్టు తిరిగెక్కారో లేదో కండక్టర్ సరిచూడాలి. ఒకరు తగ్గినా అటవీ బేస్ క్యాంపుకు వైర్‌లెస్‌లో కబురు వెళ్లాలి. వచ్చే చైత్ర పౌర్ణమికి ఇంకా సమయముంది. అచ్చంపేట డిపో, అమ్రాబాద్ అటవీ డివిజన్, మన్ననూరు ఐటీడీఏ, రాంపూర్ పెంట గ్రామసభ ఒకే బల్ల దగ్గర కూర్చుని సలేశ్వరం మూడు రోజులకు ఎన్ని బస్సులు, గంటకు ఎందరు, ఆఖరి బస్సు ఎన్నింటికి అన్న మూడు అంకెలు సంక్రాంతిలోగా తేల్చగలిగితే, ఈసారి జాతరకు కార్లను మన్ననూరులోనే ఆపవచ్చు.